చూపు లేనివారికి తెలుగులో చదివి వినిపించే కంప్యూటర్: ఎన్‌వీడీఏ అమరిక నుంచి తెలుగు టైపింగ్ దాకా

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలు మూడు. "నాన్నగారికి చూపు పోయింది, ఇప్పుడు కంప్యూటర్ నేర్చుకోగలరా?" "అమ్మాయి డిగ్రీలో చేరింది, స్క్రీన్ రీడర్ ఎలా వేయాలి?" "వేశాం, ఇంగ్లీషు చక్కగా చదువుతోంది, తెలుగు దగ్గరికి వచ్చేసరికి మూగబోతోంది. ఏం చేయాలి?"

మొదటి ప్రశ్నకు సమాధానం: తప్పకుండా నేర్చుకోగలరు. మిగతా రెండింటికీ సమాధానం ఈ మార్గదర్శి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. విండోస్ మీద పనిచేసే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏని తీసుకుని, దాన్ని వేయడం, తెలుగు గొంతు పెట్టడం, తెలుగులో టైపు చేయడం, వెబ్‌సైట్లు చదవడం వరుసగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ వేయడానికి పావుగంట చాలు. చాలా ఇళ్లలో పని ఆ పావుగంటతోనే ఆగిపోతుంది, అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఆ తర్వాతే.

ముందే ఒక మాట. సాయం చేసేవారు మౌస్ తీసి బీరువాలో పెట్టండి. ఈ పద్ధతిలో దాని అవసరం రాదు. అది చేతికి అందేంత దూరంలో ఉంటే "ఉండండి, నేను నొక్కేస్తాను" అని మీ చెయ్యి దాని మీదకే పోతుంది. అలా మీరు నొక్కిన ప్రతిసారీ ఎదుటివారు ఒక మెట్టు నేర్చుకోకుండా మిగిలిపోతారు.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

☐ విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్. ఖరీదైనది అక్కర్లేదు. ఎన్‌వీడీఏ తేలికైన సాఫ్ట్‌వేర్, పాత కంప్యూటర్లలోనూ బాగానే నడుస్తుంది.

☐ కుడివైపు అంకెల వరుసలు, విడిగా ఇన్సర్ట్ కీ ఉన్న పూర్తి కీబోర్డు. ల్యాప్‌టాప్ ఉన్నా సరే, నేర్చుకునే రోజుల్లో ఇలాంటి కీబోర్డు ఒకటి కొని తగిలించండి. ల్యాప్‌టాప్ కీలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుంటాయి, వేళ్లకు హద్దులు దొరకవు.

☐ వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్‌వి కొన్ని మౌనం తర్వాత నిద్రపోతాయి. మళ్లీ మాట మొదలయ్యేటప్పుడు తొలి అక్షరం మింగేస్తాయి. "రద్దు చేయి"లో "ర" వినపడకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

☐ రాయి పొదిగిన స్టిక్కర్ బొట్లు నాలుగు. ఎందుకో ఐదో భాగంలో చెబుతాను.

☐ కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్.

☐ ఎవరూ పిలవని రెండు గంటల సమయం.

కంప్యూటర్ ఎదురుగా కుర్చీలో కూర్చోవాల్సింది వాడబోయేవారు. మీ కుర్చీ పక్కన ఉండాలి.

2. ఎన్‌వీడీఏ వేయడం

మెట్టు 1. కీబోర్డుపై విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. విండోస్‌లోనే ఉండే నెరేటర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. చూపు లేనివారు ఒంటరిగా ఈ పని చేసుకోవాలంటే ఇదే తొలి ఆధారం. పక్కన చూపున్నవారు ఉంటే ఈ మెట్టు వదిలేయవచ్చు.

మెట్టు 2. ఎన్‌వీ యాక్సెస్ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌కు వెళ్లి ఎన్‌వీడీఏ డౌన్‌లోడ్ చేసుకోండి. అక్కడ విరాళం అడుగుతారు, ఇవ్వడం మీ ఇష్టం. వేరే సైట్ల నుంచి మాత్రం తీసుకోవద్దు. మీరు నొక్కే ప్రతి అక్షరం వినగలిగే సాఫ్ట్‌వేర్ ఇది, సొంతగూటి నుంచే తెచ్చుకోవాలి.

మెట్టు 3. దిగిన ఫైల్‌ను తెరవండి. చిన్న సంగీతం వినిపించి, ఎన్‌వీడీఏ అప్పుడే మాట్లాడుతుంది. ఈ క్షణంలో నెరేటర్‌ను ఆపేయాలి. ఇంతకుముందు నొక్కిన మూడు కీలే మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. రెండు గొంతులు ఒకేసారి మాట్లాడితే నేర్చుకునేవారు మొదటిరోజే బెదిరిపోతారు.

మెట్టు 4. షరతులకు అంగీకారం తెలిపే పెట్టెలో స్పేస్ నొక్కి టిక్ పెట్టండి. తర్వాత ట్యాబ్ నొక్కుతూ వెళ్తే "ఈ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు బటన్ వినిపిస్తుంది. ఎంటర్ నొక్కండి.

మెట్టు 5. తర్వాత వచ్చే కిటికీలో రెండు పెట్టెలకు టిక్ ఉందో లేదో చూసుకోండి. ఒకటి, సైన్ ఇన్ తెర మీద కూడా ఎన్‌వీడీఏ పనిచేయాలన్నది. రెండోది, డెస్క్‌టాప్ ఐకాన్, షార్ట్‌కట్ కీ తయారు చేయాలన్నది. ఈ రెండోది ఉంటేనే కంట్రోల్ + ఆల్ట్ + ఎన్ నొక్కగానే ఎన్‌వీడీఏ మొదలవుతుంది. ఈ మూడు కీల జత ప్రాణవాయువు లాంటిది, తొలిరోజే కంఠతా రావాలి.

మెట్టు 6. స్వాగత కిటికీలో కీబోర్డు అమరిక ఎంచుకోమంటుంది. అంకెల వరుసలున్న కీబోర్డుకు డెస్క్‌టాప్, లేనిదానికి ల్యాప్‌టాప్ అమరిక పెట్టండి. క్యాప్స్ లాక్‌ను కూడా ఎన్‌వీడీఏ కీగా, అంటే ఎన్‌వీడీఏకి ఆదేశాలిచ్చే కీగా, వాడుకోవాలా అని అడుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఒప్పుకోండి, ఎడమచేతికి దగ్గరగా ఉంటుంది. సైన్ ఇన్ కాగానే ఎన్‌వీడీఏ దానంతటదే మొదలయ్యే పెట్టెకు టిక్ తప్పనిసరి.

ఇక్కడి నుంచి "ఇన్సర్ట్" అన్నచోటల్లా ఎన్‌వీడీఏ కీ అని అర్థం చేసుకోండి. దాన్ని నొక్కి పట్టుకుని రెండో కీ నొక్కాలి.

3. మొదటి పది నిమిషాల్లో మార్చాల్సినవి

వేగం. ఇన్సర్ట్ + కంట్రోల్ + వి నొక్కితే మాటకు సంబంధించిన సెట్టింగులు తెరుచుకుంటాయి. రేటు అనే చోట బాణం కీలతో తగ్గించండి. కొత్తవారికి 20 దగ్గర మొదలుపెట్టి, వారానికి నాలుగైదు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. ఏళ్ల తరబడి వాడేవారు మనకు గుక్కతిప్పుకోని శబ్దంలా వినిపించే వేగంలో హాయిగా వింటారు. వారిని చూసి తొలిరోజే ఆ వేగం పెట్టడం చాలామంది శిక్షకులు చేసే తప్పు.

టైపు చేసినప్పుడు పలకడం. ఇన్సర్ట్ + 2 నొక్కితే అక్షరాలు పలకడం, ఇన్సర్ట్ + 3 నొక్కితే పదాలు పలకడం మారుతుంటాయి. మొదటి నెల రెండూ ఉంచండి. వేళ్లు కుదిరాక అక్షరాలు ఆపేసి పదాలు మాత్రం ఉంచుకుంటే చెవికి విశ్రాంతి.

విరామ చిహ్నాలు. ఇన్సర్ట్ + పి నొక్కేకొద్దీ ఎన్ని గుర్తులు పలకాలో మారుతుంది. చదవడానికి "కొన్ని" చాలు. ఉద్యోగ దరఖాస్తో, లెక్కలో రాసేటప్పుడు "అన్నీ" కావాలి.

దాచుకోవడం. ఇన్సర్ట్ + కంట్రోల్ + సి. ఇప్పటిదాకా చేసిన మార్పులు భద్రమవుతాయి.

సైన్ ఇన్ తెరకు కూడా ఇదే అమరిక. చాలామంది ఇది మరిచిపోతారు. ఇన్సర్ట్ + కంట్రోల్ + జి నొక్కి సాధారణ సెట్టింగుల్లో ట్యాబ్‌తో చివరికి వెళ్తే, భద్రపరిచిన సెట్టింగులను సైన్ ఇన్ తెరకూ వాడే బటన్ ఉంటుంది. అది నొక్కకపోతే పాస్‌వర్డ్ అడిగేచోట పాత గొంతు, పాత వేగం వినిపించి కంగారు పెడతాయి. గొంతు మార్చిన ప్రతిసారీ ఈ బటన్ మళ్లీ నొక్కాలి.

4. తెలుగు గొంతు పెట్టడం

విండోస్ 10, 11లలో ఎన్‌వీడీఏ మొదట విండోస్ సొంత గొంతుతో మాట్లాడుతుంది. ఇంగ్లీషు గొంతుకు తెలుగు అక్షరం ఎదురైతే సరిగా పలకలేదు. వెంకటేశ్వర్లు అనే పేరు ఉన్నచోట మౌనమే మిగులుతుంది. చాలామంది "ఎన్‌వీడీఏకి తెలుగు రాదు" అని వదిలేసేది ఇక్కడే. తెలుగు వచ్చు. ఆ గొంతు ఎన్‌వీడీఏతో పాటే వస్తుంది, మనం ఎంచుకోవాలి, అంతే.

మెట్టు 1. ఇన్సర్ట్ + కంట్రోల్ + ఎస్ నొక్కండి. జాబితాలో ఈస్పీక్ ఎన్‌జీ (ఎన్‌వీడీఏతో పాటే వచ్చే గొంతు ఇదే) దగ్గరికి వెళ్లి ఎంటర్ నొక్కండి. గొంతు మారడం వెంటనే తెలుస్తుంది.

మెట్టు 2. ఇన్సర్ట్ + కంట్రోల్ + వి నొక్కి, వాయిస్ అనే జాబితాకు వెళ్లి టి అక్షరం నొక్కుతూ ఉండండి. తెలుగు అనే పేరు వస్తుంది. ట్యాబ్ కొట్టుకుంటూ ఓకే దాకా వెళ్లండి.

మెట్టు 3. నోట్‌ప్యాడ్‌లో నాలుగు తెలుగు వాక్యాలు అతికించి, పైకి వెళ్లి ఇన్సర్ట్ + కింది బాణం నొక్కండి. ల్యాప్‌టాప్ అమరికలో ఇన్సర్ట్ + ఎ. చివరిదాకా చదువుతుంది. ఆపడానికి కంట్రోల్, కాసేపు నిలపడానికి షిఫ్ట్.

ఈస్పీక్ గొంతు మనిషి గొంతులా ఉండదు. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. మొదటిసారి విన్న పదిమందిలో తొమ్మిదిమంది మొహం చిట్లిస్తారు. ఒక్క వారం ఓపిక పట్టమని బతిమాలండి. కీ నొక్కిన మరుక్షణం పలకడం, ఎంత వేగం పెంచినా అక్షరం చెదరకపోవడం దీని బలం. రోజంతా పనిచేసేవారికి తియ్యదనం కన్నా ఈ రెండే ముఖ్యం.

నవల, పత్రిక వ్యాసం లాంటివి తీరిగ్గా వినాలనుకుంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి కంట్రోల్ + షిఫ్ట్ + యు నొక్కండి. అక్కడ గొంతుల జాబితాలో శ్రుతి, మోహన్ అనే రెండు తెలుగు గొంతులు ఉన్నాయి, మనిషి మాటకు చాలా దగ్గర. ఇంటర్నెట్ ఉండాలి. పనికి ఎన్‌వీడీఏ, కాలక్షేపానికి ఇది అని విడదీసుకుంటే రెండూ సుఖం.

తెలుగు, ఇంగ్లీషు రెండూ వాడే విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక ఏర్పాటు చేసి పెట్టండి. ఇన్సర్ట్ + కంట్రోల్ + పి నొక్కి, కొత్త ప్రొఫైల్ (విడిగా దాచుకునే సెట్టింగుల కట్ట) ఒకటి తయారు చేసి "తెలుగు" అని పేరు పెట్టండి. వాడకం దగ్గర మాన్యువల్ అన్నది ఎంచుకోండి. అది తెరిచి ఉండగానే పైన చెప్పినట్టు తెలుగు గొంతు పెట్టి భద్రపరచండి. తర్వాత ఇన్సర్ట్ + ఎన్ మెనూలో ప్రిఫరెన్సులు, ఇన్‌పుట్ జెశ్చర్లు అనే చోట కాన్ఫిగరేషన్ ప్రొఫైళ్ల విభాగంలో ఆ పేరుకు మరే పనికీ వాడని కీల జతను కేటాయించండి. ఇక ఒకసారి నొక్కితే తెలుగు గొంతు, మళ్లీ నొక్కితే పాత ఇంగ్లీషు గొంతు. వయసు మళ్లినవారికి ఈ మార్పిడి వద్దు. ఎప్పుడూ తెలుగు గొంతే ఉంచండి, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలను అదే పలుకుతుంది.

5. కీబోర్డు వేళ్లకు తెలియాలి

ఏ కీబోర్డులోనైనా ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. రెండు చూపుడు వేళ్లూ అక్కడ ఉంచడమే మొదటి పాఠం. చెయ్యి ఎటు పోయినా తిరిగి రావాల్సిన ఇల్లు అది.

ఇప్పుడు బొట్ల పని. ఇన్సర్ట్, డిలీట్, ఎస్కేప్, ఎఫ్4 కీల మీద ఒక్కొక్కటి అతికించండి. పొరపాటున డిలీట్ నొక్కితే జరిగే నష్టం ఎక్కువ, అందుకే దానికి పెద్ద రాయి ఉన్నది వాడండి. రెండు మూడు నెలల్లో అవి ఊడిపోతాయి. అప్పటికి వాటి అవసరమూ ఉండదు.

తర్వాత ఇన్సర్ట్ + 1 నొక్కండి. దీన్ని కీలు తెలుసుకునే స్థితి అనుకోవచ్చు. ఇప్పుడు ఏ కీ నొక్కినా కంప్యూటర్ దాని పేరు చెబుతుంది తప్ప ఏ పనీ చేయదు. ఫైళ్లు చెరిగిపోతాయన్న భయం లేకుండా కీబోర్డంతా తడుముకోవచ్చు. మొదటి మూడు రోజులు రోజుకు అరగంట ఇదే ఆట ఆడించండి. బయటికి రావడానికి మళ్లీ ఇన్సర్ట్ + 1.

మొదటి వారంలో చేతికి రావాల్సిన కీలు ఇవి మాత్రమే:

☐ విండోస్ కీ, తర్వాత ప్రోగ్రాం పేరులో మొదటి అక్షరాలు, ఎంటర్: ప్రోగ్రాం తెరవడం

☐ ఆల్ట్ + ట్యాబ్: ఒక కిటికీ నుంచి మరోదానికి

☐ ఆల్ట్ + ఎఫ్4: మూసివేయడం

☐ ఇన్సర్ట్ + టి: నేను ఏ కిటికీలో ఉన్నాను

☐ ఇన్సర్ట్ + ట్యాబ్: ఈ క్షణం ఏ బటన్ మీద, ఏ పెట్టెలో ఉన్నాను

☐ ఇన్సర్ట్ + ఎఫ్12: టైము ఎంత. రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే తేదీ

వీటిలో ఇన్సర్ట్ + టి, ఇన్సర్ట్ + ట్యాబ్ రెండూ ఎక్కువగా అలవాటు చేయించండి. చూపున్నవారు తెర మీద ఒకసారి కళ్లు తిప్పి తామెక్కడున్నామో తెలుసుకుంటారు. ఈ రెండు జతలూ ఆ చూపు పని చేస్తాయి.

రోజూ వాడే ప్రోగ్రాంలను టాస్క్‌బార్‌కు వరుసగా పిన్ చేసి పెట్టండి. విండోస్ + 1 బ్రౌజర్, విండోస్ + 2 వర్డ్, విండోస్ + 3 ఫైళ్లు. ఆ వరుసను తర్వాత ఎవరూ మార్చకూడదు. సర్దే అలవాటున్నవారు ఇంట్లో ఉంటే ఈ మాట గట్టిగానే చెప్పండి.

6. తెలుగులో టైపు చేయడం

విండోస్ + ఐ నొక్కి, టైం అండ్ లాంగ్వేజ్ విభాగంలో తెలుగు భాషను చేర్చండి. దానితో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. ఫొనెటిక్ కీబోర్డు కావాలంటే విడిగా చేర్చుకోవాలి. భాషలు మార్చడానికి విండోస్ + స్పేస్.

ఏది మంచిది? చూపు లేనివారికి నా సలహా నిస్సందేహంగా ఇన్‌స్క్రిప్ట్. ఫొనెటిక్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ కొడుతుంటే తెలుగు పదాల సూచనలు తెర మీద వస్తాయి, వాటిలో సరైనది ఎంచుకోవాలి. చూస్తూ రాసేవారికి అది సులువు, విని రాసేవారికి అడుగడుగునా ఆటంకం. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక కీకి ఒకటే అక్షరం, కొట్టింది కొట్టినట్టే పడుతుంది. పైగా ఇంగ్లీషు స్పెల్లింగ్ తెలియక్కర్లేదు, అక్షరమాల తెలిస్తే చాలు.

దీని అమరికలో ఒక అందమైన క్రమం ఉంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు. హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. ఒకే కీ మామూలుగా నొక్కితే గుర్తు, షిఫ్ట్‌తో నొక్కితే అచ్చు: ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్ + ఎఫ్ నొక్కితే ఇ. హల్లుల్లోనూ అంతే: కె నొక్కితే క, షిఫ్ట్ + కె నొక్కితే ఖ. ఐ నొక్కితే గ, షిఫ్ట్ + ఐ నొక్కితే ఘ. వర్గాక్షరాలు తెలిసినవారికి సగం కీబోర్డు వచ్చేసినట్టే.

ఒత్తులకు డి కీ. అది పొల్లు. హల్లు, పొల్లు, హల్లు కొడితే ఒత్తు తయారవుతుంది.

☐ తెలుగు: ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి

☐ అమ్మ: షిఫ్ట్ + డి, సి, డి, సి

☐ స్త్రీ: ఎం, డి, ఎల్, డి, జె, ఆర్

షుగరు వల్ల చూపు కోల్పోయిన ఒక విశ్రాంత తెలుగు మాస్టారికి ఇది నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన చూపుడు వేలు ఎఫ్ మీది గీతను తడిమి, ఒక గడి పక్కకు జరిగి డి మీద ఆగింది. షిఫ్ట్‌తో నొక్కారు. "అ" అంది కంప్యూటర్. కింది వరుసలో వెతుక్కుంటూ ఉంటే "ఇప్పుడు సి..." అని నేను అందుకోబోతే చెయ్యి ఎత్తి ఆపారు. "బాబూ, నువ్వు చెప్పకు. అది చెబుతోంది కదా." నాలుగు కీలకు మూడు నిమిషాలు పట్టింది. స్పేస్ నొక్కగానే "అమ్మ" అని పదం మొత్తం పలికింది. ఆయన దాన్ని చెరపలేదు, కింది గీతలోకి వెళ్లి మళ్లీ రాశారు. ఆరోజు నుంచి పక్కన కూర్చున్నప్పుడు నోరు కట్టుకోవడం నేను నేర్చుకున్నాను.

దిద్దుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. బ్యాక్‌స్పేస్ సాధారణంగా చివర కొట్టిన ఒక్క గుర్తునే చెరుపుతుంది: "స్త్రీ"లో దీర్ఘం పోయి "స్త్ర" మిగులుతుంది. డిలీట్ మాత్రం కర్సర్ తర్వాత ఉన్న అక్షరం మొత్తాన్ని ఒత్తులతో సహా ఎత్తేస్తుంది. గుణింతం తప్పయితే బ్యాక్‌స్పేస్, అక్షరమే తప్పయితే డిలీట్.

రోజుకు ఇరవై నిమిషాలు, గుర్తున్న పద్యమో పాటో రాయించండి. కంఠస్థమైనది రాస్తుంటే మనసు అక్షరాల వేటలో మాత్రమే ఉంటుంది.

7. వెబ్‌సైట్లు చదవడం

కొత్తవారు వెబ్ పేజీని పై నుంచి కిందికి బాణం కీతో గీత గీతా చదువుకుంటూ పోతారు. వార్తల సైట్‌లో అసలు వార్త చేరేసరికి ప్రాణం విసుగెత్తుతుంది. పేజీలో గెంతుతూ వెళ్లడానికి ఒంటి అక్షరాలున్నాయి.

☐ హెచ్: తర్వాతి శీర్షిక. 2 నొక్కితే రెండో స్థాయి శీర్షిక

☐ కె: తర్వాతి లింకు

☐ ఇ: రాసే పెట్టె

☐ బి: బటన్

☐ ఎక్స్: టిక్ పెట్టే పెట్టె

☐ సి: ఎంచుకునే జాబితా

☐ టి: పట్టిక

షిఫ్ట్ కలిపితే ఇవే వెనక్కి వెళ్తాయి. ఇన్సర్ట్ + ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులు, శీర్షికలు అన్నీ ఒక జాబితాగా వస్తాయి.

సాధనకు తెలుగు వికీపీడియా మంచి చోటు. శీర్షికలు పద్ధతిగా ఉంటాయి. సొంత ఊరి పేజీ తెరిచి 2 నొక్కుతూ వెళ్తే ఒక్కొక్క విభాగం వినిపిస్తుంది. కావలసినచోట ఆగి ఇన్సర్ట్ + కింది బాణం.

ఇక్కడ అందరికీ తగిలే చిక్కు ఒకటుంది. పెట్టెలో పేరు రాయబోతే అక్షరాలు పడకుండా కర్సర్ పేజీలో గెంతుతుంటుంది. పేజీ చదివే స్థితి వేరు, పెట్టెలో రాసే స్థితి వేరు. రాయాలంటే ఆ పెట్టె మీద ఎంటర్ నొక్కాలి, చదవడానికి తిరిగి రావాలంటే ఎస్కేప్. లేదా ఇన్సర్ట్ + స్పేస్‌తో అటూ ఇటూ మారవచ్చు. మారిన ప్రతిసారీ చిన్న శబ్దం వస్తుంది. ఆ రెండు శబ్దాల తేడా చెవికి పట్టేదాకా సాధన చేయించండి.

దరఖాస్తుల చివర బొమ్మలోని అక్షరాలు రాయమంటే, పక్కన ఆడియో బటన్ ఉందేమో బి నొక్కుతూ వెతకండి. లేకపోతే ఆ అక్షరాలు మాత్రం ఎవరిచేతనైనా చదివించుకోండి. పాస్‌వర్డ్ చెప్పి మొత్తం పని వారికి అప్పగించవద్దు. పక్కవారు తెర చూడకూడదంటే ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో స్క్రీన్ కర్టెన్ పెట్టుకోండి. తెర నల్లబడుతుంది, మాట మాత్రం వినిపిస్తుంది.

8. చదవని తెలుగు ఫైళ్లు

అన్నీ సరిగా అమర్చినా కొన్ని తెలుగు ఫైళ్లు పిచ్చిగీతల్లా వినిపిస్తాయి. కారణాలు రెండు.

మొదటిది, యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని అక్షరంగానే గుర్తించే పద్ధతి) కాని ఫాంట్లు. డీటీపీ పనుల్లో వాడే అను వంటి ఫాంట్లలో తెర మీద తెలుగు అక్షరం కనిపిస్తున్నా, లోపల ఉన్నది వేరే గుర్తు. స్క్రీన్ రీడర్ ఆ లోపలి గుర్తునే చదువుతుంది. పంపినవారిని యూనికోడ్ ప్రతి అడగండి. వారి దగ్గర లేకపోతే, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి.

రెండోది, స్కాన్ చేసిన పీడీఎఫ్. అది ఫోటో, అందులో అక్షరాలు లేవు. ఇంగ్లీషు అయితే ఇన్సర్ట్ + ఆర్ నొక్కితే బొమ్మలోని అక్షరాలను విండోస్ ఓసీఆర్ గుర్తించి చదువుతుంది. తెలుగుకు అది పనికిరాదు. తెలుగు ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. నాలుగైదు పేజీల చొప్పున చేస్తే మెరుగు. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి అంకెలు, తేదీలు, డబ్బు లెక్కలు ఎవరిచేతనైనా సరిచూపించుకోండి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే తీరు

మాట పూర్తిగా ఆగిపోయింది. ముందు మాట వచ్చేదాకా ఇన్సర్ట్ + ఎస్ రెండు మూడుసార్లు నొక్కండి. పొరపాటున మాట ఆపేసే స్థితికి వెళ్లి ఉంటుంది. పలక్కపోతే కంట్రోల్ + ఆల్ట్ + ఎన్. అప్పటికీ లేకపోతే ఇయర్‌ఫోన్ పిన్ను చూడండి. దాదాపు ఈ మూడింట్లోనే తేలుతుంది.

ఒక్క ప్రోగ్రాంలోనే మౌనం. ఆ ప్రోగ్రాంలో ఎన్‌వీడీఏ మాట్లాడకుండా చేసే స్లీప్ మోడ్ పడి ఉంటుంది. అందులో ఉండగా ఇన్సర్ట్ + షిఫ్ట్ + జెడ్ నొక్కండి. ఫలితం లేకపోతే జెడ్ బదులు ఎస్.

పాస్‌వర్డ్ సరైనదే, తీసుకోవడం లేదు. కీబోర్డు తెలుగులో ఉండిపోయింది. విండోస్ + స్పేస్. క్యాప్స్ లాక్ కూడా చూసుకోండి.

ఇన్సర్ట్ జతలు పనిచేయడం లేదు. కుడివైపు అంకెల వరుసల్లోని సున్నా కీని ఇన్సర్ట్‌గా వాడుతున్నారేమో చూడండి. నమ్ లాక్ వెలిగి ఉంటే అది సున్నానే కొడుతుంది.

గొంతు, వేగం అన్నీ మారిపోయాయి. ఇన్సర్ట్ + కంట్రోల్ + ఆర్ ఒకసారి నొక్కితే చివరగా భద్రపరిచిన అమరిక తిరిగి వస్తుంది. మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే కొత్తగా వేసినప్పటి స్థితికి వెళ్తుంది. ఆ తర్వాత తెలుగు గొంతు మళ్లీ పెట్టాలి.

10. కొద్దిగా చూపు ఉన్నవారికి

విండోస్ + ప్లస్ నొక్కితే తెరను పెద్దదిగా చూపే మాగ్నిఫయర్ వస్తుంది, విండోస్ + ఎస్కేప్‌తో పోతుంది. ఎడమ ఆల్ట్ + ఎడమ షిఫ్ట్ + ప్రింట్ స్క్రీన్ నొక్కితే నల్లని తెర మీద లేత అక్షరాలు. చూపు క్రమంగా తగ్గుతోందని డాక్టరు చెప్పి ఉంటే, పెద్ద అక్షరాలతో సరిపెట్టకుండా ఎన్‌వీడీఏ ఇప్పుడే మొదలుపెట్టండి. చూపు కొంత ఉండగా నేర్చుకున్న కీలు తర్వాత చేతికి అలవాటుగా మిగులుతాయి.

11. ఇంట్లోవారు, ఆఫీసువారు పాటించాల్సినవి

☐ సర్క్యులర్‌ను ఫోటో తీసి పంపవద్దు. టైపు చేసిన యూనికోడ్ ఫైల్ పంపండి.

☐ వర్డ్‌లో శీర్షికను అక్షరాలు లావు చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ వాడండి. అప్పుడే స్క్రీన్ రీడర్‌కు అది శీర్షికగా తెలుస్తుంది.

☐ బొమ్మ పెడితే అందులో ఏముందో ఒక వాక్యం రాయండి.

☐ చెప్పకుండా కంప్యూటర్‌లో ఏదీ మార్చవద్దు.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవారు ఒకటి గుర్తుంచుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగికి తగిన సదుపాయాలు కల్పించడం ఆ కార్యాలయం బాధ్యత. ఇయర్‌ఫోన్ల కోసమో, చదవగలిగే ఫైళ్ల కోసమో మొహమాటపడక్కర్లేదు, కాగితం మీద రాసి అడగండి.

12. దూరం నుంచి సాయం, ఆపద్ధర్మ ప్రతి

2025.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలోనే రిమోట్ సౌకర్యం ఉంది. ఇన్సర్ట్ + ఎన్ మెనూలో టూల్స్, రిమోట్ దగ్గర దొరుకుతుంది. రెండు కంప్యూటర్లలోనూ ఎన్‌వీడీఏ ఉండి, ఇద్దరూ ఒకే రహస్య కీ వాడితే, వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉన్న కొడుకు అక్కడి నుంచే తల్లి కంప్యూటర్‌ను వింటూ సరిదిద్దవచ్చు. ఆ కీ కుటుంబం బయట ఎవరికీ ఇవ్వకండి, పని కాగానే అనుసంధానం తెంచేయండి.

ఇక చివరి పని. ఇన్సర్ట్ + ఎన్ మెనూలో టూల్స్ దగ్గరే పోర్టబుల్ కాపీ తయారు చేసే అవకాశం ఉంది. ఇప్పటిదాకా పెట్టుకున్న సెట్టింగులతో సహా ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రైల్వే స్టేషన్ పక్కన నెట్ సెంటర్‌లోనైనా, బంధువుల ఇంట్లోనైనా ఆ పెన్‌డ్రైవ్ పెట్టి తెరిస్తే అదే గొంతు, అదే వేగం. దానికి ఒక దారం కట్టి తాళాల గుత్తికి తగిలించండి, జేబులో చెయ్యి పెట్టగానే దొరుకుతుంది.